సుబ్బులు ఇంటి మట్టి

కెనడాకు వచ్చిపడిన ఆ రోజుల్లో మాలో ఎవరికీ స్వయంగా ఎంచుకున్నదంటూ ఒక్కటీ ఉండేది కాదు. కోర్సు కన్సల్టెన్సీవాళ్లు ఎంచారు. గ్వెల్ఫ్‌లో బేస్‌మెంట్ గది మా సీనియర్ ఎంచాడు. కాఫీ షాపులో పార్ట్‌టైమ్ ఆ సీనియర్ ఫ్రెండ్ ఎంచాడు. నా వింటర్ జాకెట్ రంగు కూడా నేను ఎంచింది కాదు, సేల్‌లో ఆఖరికి మిగిలింది. అలాంటి బతుకులో సొంత బుద్ధితో, ఎవర్నీ అడక్కుండా తెచ్చుకున్నది ఒకే ఒకటి, నాలుగడుగుల బోవా పాము. క్లాసులో నా పక్కన కూర్చునే కెనడా అమ్మాయి వేరే ఊరికి మారిపోతూ, దీన్ని ఎవరైనా పెంచుకుంటారా అని అడిగితే నా చెయ్యి నాకంటే ముందే లేచింది. (ఎందుకు లేచిందని ఇప్పటికీ చాలామంది అడుగుతారు. ఎందుకు లేవకూడదని నేనూ అడుగుతాను.) సుబ్బులు అని పేరు పెట్టాను. విషం లేదు, కోపం లేదు, రెండు వారాలకోసారి భోజనం. మా ఇంట్లో ఉన్న ఐదుగురిలోనూ అంత నెమ్మదైనవాళ్లు ఇంకెవరూ లేరు.

ఇంటి లీజు పైన చెప్పిన సీనియర్ పేరు మీద ఉండేది కాబట్టి ఆయన్ను అందరం కెప్టెన్ అనేవాళ్లం. వరంగల్ వైపు మనిషి. పామును చూసిన రోజున తలుపు దగ్గరే నిలబడి షరతు పెట్టాడు. "చూడు తమ్మీ, ఒక్కరోజు వాసనొచ్చినా, ఒక్క పురుగు బయట కనపడ్డా పాము పోవాలె. లేకుంటే నువ్వు పోవాలె." మిగతావాళ్లు పాముకు పాలు పోసి పెంచడమంటే ఇదేనని సామెతలు మొదలుపెట్టారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేనూ ఒకటి విసిరాను. కానీ లోపల భయమే. పాముండే అద్దాల పెట్టెలో కాగితాలు పరిచి, పాడైనప్పుడల్లా మార్చాలంటే క్లాసుకూ షిఫ్టుకూ మధ్య నాకు కుదరదు. కుదరని రోజున వాసన తప్పదు. పామును వదులుకోవడమంటే, నీకు నువ్వుగా ఏదీ ఎంచుకోలేవురా అని ఒప్పుకోవడమే. అది మాత్రం నా వల్ల కాదు.

అప్పుడు దొరికింది వీడియోల్లో బయోయాక్టివ్ అనే దారి. పెట్టెలోనే చిన్న అడవిని పెంచడమన్నమాట. నీళ్లు దిగడానికి అడుగున మట్టి గోళీలు, వాటి మీద వల, ఆపైన మట్టి, ఇసుక, కొబ్బరి పొట్టు (మా గోదావరి జిల్లాలో దారి పక్కన పారబోసే ఈ పొట్టును ఇక్కడ ఇటుకల్లా అచ్చుకొట్టి అమ్ముతారు), అన్నిటి మీదా మందంగా ఎండుటాకులు. మనీప్లాంటు నాటాను, ఫెర్న్ నాటాను, పైన లైటు బిగించాను. ఇక అసలు పనివాళ్లు పెరుగు డబ్బాలో పోస్టులో వచ్చారు. నువ్వుగింజలో సగం లేని తెల్ల పురుగులు కొన్ని, ముట్టుకుంటే ఉండలా చుట్టుకునే బూడిదరంగు పురుగులు కొన్ని. పాము వదిలింది పురుగులు తింటాయి, పురుగులు వదిలింది మొక్కలు తింటాయి, మనిషి చీపురు పట్టే పనే లేదు. సోమరితనానికి ఇంత శాస్త్రీయమైన దారి ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు. ఆకుల కోసం అక్టోబరులో జనం ఇళ్ల ముందు కాగితం సంచుల్లో కట్టి పెట్టినవి రెండు భుజాన వేసుకొచ్చి, చీడ పోవాలని ఒవెన్‌లో వేయించాను. ఆ వాసనకు పరుగెత్తుకొచ్చిన కెప్టెన్, నేను వేయిస్తున్నది ఏ ఆకో అడగడానికి చాలాసేపు మొహమాటపడ్డాడు.

మొక్కలు వేళ్లూనేదాకా ఆగి, సుబ్బులును అందులోకి పంపాను. ఆశ్చర్యం, అంతా వీడియోలో చెప్పినట్టే జరిగింది. పాము చేసిన పాడంతా నాలుగు రోజుల్లో మట్టిలో కలిసిపోయేది. వానపడ్డ తోటలో వచ్చే వాసన తప్ప ఇంకోటి లేదు. దాంతో నాకు కళ్లు నెత్తికెక్కాయి. శనివారం శనివారం కెప్టెన్‌ను పిలిచి పెట్టె తలుపు తీసి వాసన చూడమనేవాణ్ణి. చూశాక, ఇప్పుడు మన బాత్‌రూమ్‌కు వెళ్లి చూడమనేవాణ్ణి. ఆయన నన్ను భరించడానికి కారణం మంచితనమేనని ఇప్పుడు అర్థమవుతోంది.

జూన్‌లో కెప్టెన్ కాన్వొకేషన్‌కు వాళ్లమ్మ విజిటర్ వీసా మీద వచ్చారు. పామును చూస్తే ఆవిడ పడిపోతారని కెప్టెన్ బతిమాలితే, పెట్టె ముందు అద్దానికి దుప్పటి కట్టాను. పదో రోజున షిఫ్టు నుంచి వచ్చేసరికి దుప్పటి మడతపెట్టి మంచం మీద ఉంది. అద్దం తళతళలాడుతోంది. ఆకు ఒక్కటి లేదు. పైమట్టి బెత్తెడు లోతు ఎత్తేసి ఉంది. మిగిలిన మట్టి మీద నాలుగు మూలలా పసుపు చల్లి ఉంది. ఆ మధ్యలో సుబ్బులు దుంగ మీద చుట్టుకుని నిశ్చింతగా ఉంది. ఆంటీ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "గింత మంచి పెట్టెల గా చెత్తేంది బిడ్డా, పురుగులు తిరుగుతున్నయ్. పాము దాని మానాన అది పండుకున్నది, నా మానాన నేను ఊడ్చిన."

నా ఎనిమిది నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది. అమ్మ వయసు మనిషి మీద గొంతు పెంచాను. మిమ్మల్నెవరు ముట్టుకోమన్నారన్నాను. ఇంకా ఏమేమో అన్నాను, అవి రాయను. మెట్ల మీద నుంచి విన్న కెప్టెన్ కిందికి దిగి, ఆదివారం కల్లా గది ఖాళీ చేయమని మెల్లగా చెప్పాడు. ఆయన అరిచి ఉంటే బాగుండేది. పోతాను, నా పురుగులతో పోతానని నేను వీధిలోకి పరుగెత్తి, తడిచెత్త వేసే గ్రీన్ బిన్‌లోంచి ఆంటీ పారేసిన మట్టి సంచీ లాక్కొచ్చి వంటింటి గచ్చు మీద గుమ్మరించాను. కింద కూర్చుని ఒక్కో పురుగునూ చెంచాతో ఏరుతూ, డ్రైనేజీ లేయర్ అనీ, క్లీనప్ క్రూ అనీ ఆంటీకి ఏడుపు గొంతుతో పాఠం చెప్పాను.

ఆవిడ చివరిదాకా విన్నారు. నా ఎదురుగా కూర్చుని, గుప్పెడు మట్టి తీసి నలిపి, వాసన చూశారు.

"గిది పెంటకుప్ప మట్టే గదరా. గింత దానికి గన్ని ఇంగ్లీషు మాటలెందుకు? నా చేన్ల గీ మట్టి కోసమే ముప్పై ఏండ్లు తట్టలు మోసిన. దుప్పటి కట్టి దాస్తె నాకెట్ల ఎరుకైతది?"

తర్వాత కొడుకు వైపు తిరిగారు. "వీని మట్టి నేను ఖరాబు జేసిన. గది మల్ల బాగయ్యేదాక వీడు ఎటూ పోడు."

కెప్టెన్ ఇంకో చెంచా తెచ్చుకుని కూర్చున్నాడు. ఆ సాయంత్రం మేం ముగ్గురం బియ్యంలో రాళ్లు ఏరినట్టు పురుగులు ఏరాం. పసుపు పడిన మట్టిని ఆంటీయే గీసి తీసేశారు. తర్వాత నాలుగు వారాలూ రోజూ పొద్దున్నే పెట్టె దగ్గర కూర్చుని, మట్టిని వేలితో పొడిచి చూసేవారు. నేను, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు ఆవిడకు వీడియోలు చూపించేవాణ్ణి.

ఊరికి బయల్దేరిన రోజు సూట్‌కేసులు కారులో పెడుతుంటే ఆవిడ నా భుజం తట్టారు. "నీళ్లు జాస్తి పోస్తున్నవ్ బిడ్డా. వేర్లు మురుగుతయ్. వారానికి ఒక్కపారి సాలు." సారీ చెప్పడానికి అంతకు మించిన సమయం దొరకదు. నేనేమో వీడియోలో మూడుసార్లని ఉంది ఆంటీ అన్నాను. ఆవిడ నవ్వి కారెక్కారు.

సుబ్బులు ఇప్పుడు ఆరడుగులు దాటింది. పామెందుకని అడిగేవాళ్లకు ఇప్పటికీ నేను సంజాయిషీ ఇవ్వను. కానీ ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఆవిడ విమానం ఎక్కిన మర్నాటి నుంచే నీళ్లు వారానికి ఒక్కసారికి తగ్గించాను. ఆవిడ మాట వినడమే సారీ చెప్పడమని అప్పట్లో నన్ను నేను ఒప్పించుకున్నాను. నోటితో ఇంకో ముక్క చెబితే అప్పటి నాలోని ఆ కుర్రాడి పంతానికి ఏం పోయేదో, ఎంత ఆలోచించినా నాకు తెలియడం లేదు.