చేత్తో పట్టేవాళ్లకు అక్కర్లేదు

ఒకప్పటి మా పక్కింటి పెద్దమ్మ పోయిందట. మొన్న కోవూరు బస్సులో కలిసిన వాకాడు వైపు మనిషి, టిక్కెట్టు కోసం జేబు తడుముకుంటూ చెప్పాడు. కిటికీ బయట పచ్చటి మళ్లు వెనక్కి పోతున్నాయి. నాకు మాత్రం ఉప్పుటేరే కనిపించింది.

పదేళ్ల కిందట ఆ ఏటి ఒడ్డు ఊరికి కొత్త పంతులమ్మగా వెళ్లాను. పెద్దమ్మకు వల లేదు, పడవ లేదు. తెల్లవారగానే ఏట్లో మోకాళ్ల మీద కూర్చుని, తాటాకు బుట్ట తాడు పళ్లతో కరిచిపట్టి, అడుగు బురదలో చేతులతో రొయ్యలు వెతికేది. చుట్టూ మరికొందరు ఆడవాళ్లు. మంచులో తలలు మాత్రమే మెల్లగా కదిలేవి. పళ్ల మధ్య తాడుంటుంది గనక నీళ్లలో మాట ఉండదు. ఆ మాటలన్నీ ఒడ్డెక్కాక మా గడపలో కుమ్మరించేది.

ఒకరోజు చేపల శాఖవాళ్లు రేవులో కాగితం అంటించారు. చదవమని నన్ను పిలిచారు. "లైసెన్సు లేనిదే చేపలు పట్టరాదు" అన్న పెద్దక్షరాలు చదివి, బడికి వేళయిందని వచ్చేశాను. మర్నాటి నుంచి ఎవరూ ఏట్లో దిగలేదు. నెలరోజులు. వీధిలో పులుసు వాసన ఆగిపోయింది. పిల్లలు ఉత్త గంజి తాగి బడికి వచ్చేవారు.

ఒక సాయంత్రం పెద్దమ్మ వచ్చింది.

"పంతులమ్మా, ఆ కాగితం కింద చీమలబారు మాదిరి ఏందో ఉండాది. అది సదివినావా?"

చదవలేదు. ఇద్దరం రేవుకు వెళ్లాం. చినుకులకు సగం చెరిగిన అక్షరాలు కూడబలుక్కుని చదివాను: వలా పడవా లేకుండా, ఇంటి తిండికి చేత్తో పట్టుకునేవారికి లైసెన్సు అక్కర్లేదు.

మళ్లీ చదవమంది. కళ్లు మూసుకుని వింది.

"తప్పు నాదే పెద్దమ్మా" అన్నాను, ఏడుపు ఆగక.

"సదువొచ్చినోళ్లకి తొందరెక్కువ. నీళ్లలో తొందరపడితే ఏందీ దొరకదు" అంది, నా భుజం తడుతూ.

ఊళ్లో మాత్రం, "చేత్తో పట్టేవాళ్లని ఇప్పుడు వదిలేసినారంట" అని చెప్పింది. నా తప్పు ఎవరికీ తెలియలేదు. ఇవాళే మీకు చెబుతున్నాను.

ఆ ఆదివారం నన్నూ ఏట్లో దింపి, నా చేతులు బురద మీద పరిచి పెట్టింది. చాలాసేపు గోరువెచ్చటి నీళ్లు, దూరాన సముద్రపు హోరు, అంతే. తర్వాత ఒక రొయ్య వచ్చి మీసాలతో నా అరచేతిని మెల్లగా తడిమింది. నేను గుప్పిట మూయలేదు.