తీతు ఏ రాయి కింద ఉన్నాడు

జ్ఞానరత్నం అత్తకి ఏ విషయమైనా అటో ఇటో తేలిపోవాలి. ఖరగ్‌పూర్ నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో ఎవరింట్లో తగువొచ్చినా మధ్యలో కూర్చుని, తేల్చేదాకా టీ కూడా ముట్టేది కాదు. అలాంటి మనిషిని ఒక బండరాయి అయోమయంలో పడేసింది.

ఆవిడ మొగుడు తీతు రైలుపట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్. ఎనభై నాలుగో సంవత్సరం వానల్లో, టాటా లైన్లో ఒక చిన్న స్టేషన్ దగ్గర పనిలో ఉండగా జ్వరం వచ్చి పోయాడు. వరదకి లైను తెగి శవాన్ని తేలేకపోయారు. అక్కడి ముండా తెగ పల్లెవాళ్ళే ఊరి పక్కన పూడ్చారు. లైను బాగయ్యాక అత్త వెళ్ళి ఆ మట్టి మీద చెక్క సిలువ పాతి వచ్చింది. తర్వాత రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగి, ఖరగ్‌పూర్ సమాధుల తోటలో ఇద్దరికీ సరిపడా చోటు సంపాదించింది. ఇక ఆయన ఎముకలు తెచ్చుకోవడమే తరువాయి. నాకు బెంగాలీ వచ్చని నన్ను వెంటేసుకుని, రేకుపెట్టె ఒళ్ళో పెట్టుకుని రైలెక్కింది.

ఊరి పక్క మైదానం నిండా రాతికాళ్ళ మీద నిలబెట్టిన పెద్ద పెద్ద పలకలు. మనుషులు ఎత్తగలిగే రాళ్ళు కావని మన గ్యాంగువాళ్ళు వాటిని రాక్షస గుళ్ళంటారు. స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ దాదా మాత్రం భీముడు కూర్చుని అన్నం తిన్న పీటలన్నాడు. అత్త ఇద్దరి మాటా వినలేదు. ఆవిడ కళ్ళు సిలువ మీదే ఉన్నాయి. సిలువ పక్కన ఒరిగి ఉంది. గొయ్యి తవ్వేసి ఉంది.

"నా మొగుణ్ణి ఏటి సేసినారో అడుగు," అంది.

సుకుర్‌మణి అనే ముసలామె వచ్చింది. పూడ్చిన ఎముకలు కొన్నాళ్ళకి తీసి, కడిగి, డప్పులతో తీసుకెళ్ళి పెద్ద రాయి కింద తాతముత్తాతల దగ్గర చేర్చడం వాళ్ళ ఆచారమట. ఆ రాళ్ళు మొదట ఎవరు ఎత్తారో ఆమెకీ తెలియదు.

"మా ఇంట్లో తిన్నాడు, మా ఇంట్లోనే పోయాడు. ఒంటరిగా వదిలేస్తామా?" అంది.

"మంచిదే. ఆయన ఎముకలేవో తీసి ఇమ్మను."

"అన్నీ కలిసిపోయాయి. మీరు పట్టుకెళ్ళేది మా మామగారైతే?"

నాకు నవ్వు ఆగలేదు. ఎవరో ముండా తాతకి మన పాస్టరుగారు తీతు పేరున ప్రార్థన చేస్తున్నట్టు కనబడింది. అత్త మాత్రం ముసలామెని తిట్టబోయి, ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

తిరుగు రైల్లో ఒకటే ప్రశ్న. "ఆళ్ళు మంచి సేసినారా, సెడ్డ సేసినారా?"

"నాకేం తెల్సు అత్తా."

"తీర్పునాడు కడబూర మోగితే ఆయన ఆళ్ళ మధ్యన లేస్తాడు. నానేమో ఖరగ్‌పూర్లో లేస్తాను. నాకోసం ఎతుక్కుంటాడు. ఎవులు సెప్తారు?"

పాస్టరుగారినీ అదే అడిగింది. దేవుడికి అన్నీ తెలుసన్నారాయన.

"దేవుడికి తెల్సు. తీతుకి తెల్దు కదండీ," అంది.

ఏళ్ళ తరబడి అది తేలలేదు. తొంభై ఆరులో మంచం పట్టాక కూతురు రూతుని పిలిచి, సమాధుల తోటలో చోటు ఎవరికైనా ఇచ్చెయ్యమంది.

"మరి నువ్వెక్కడమ్మా?"

"నన్ను ఆ రాళ్ళ పక్కన మట్టిలో పెట్టండి. మిగతాది ఆళ్ళు సూసుకుంటారు."

చుట్టాలు నానా మాటలన్నారు. అయినా జీపులో అక్కడికే తీసుకెళ్ళి పూడ్చాం. ఆ తర్వాత రెండేళ్ళకి రూతూ నేనూ వెళ్ళి చూస్తే గొయ్యి తవ్వేసి ఉంది. రూతు ఏడ్చింది. నాకు మాత్రం సంతోషమేసింది.