కూలికి నడిపిన సర్వర్లు

మొన్న జగిత్యాలలో, కొత్తగా వ్యాపారం పెట్టాలనుకునే పిల్లల కోసం జరిపిన ఒక సభకు పిలిస్తే వెళ్లి కూర్చున్నాను. వేదిక మీది పెద్దమనిషి "ముందు పెరగండి, లాభం దాని వెనకాల అదే వస్తుంది" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయి, ఇచ్చిన చాయ్ తాగకుండానే లేచి సిరిసిల్ల బస్సెక్కాను. మా షెడ్డును మింగింది ఆ మాటే.

సిరిసిల్లలో నా ఈడు వాళ్లకు మరమగ్గాల షెడ్డు గురించి చెప్పనక్కరలేదు. నూలు ఇచ్చేది సేటు, మగ్గాలూ కరెంటు బిల్లూ మా నాయనవి, నేసిన గుడ్డకు మీటరుకింత అని కూలి కట్టేది మళ్లీ సేటే. ఆ కూలిలో కరెంటు, రిపేర్లు పోను మిగిలేదేమిటని నాయన పక్కన కూర్చుని నేర్చిన లెక్కలే నా చదువు. కంప్యూటరు కూడా చెడినవి విప్పి, బిగించి నేర్చుకున్నదే. నాయన పోయాక, మూలపడ్డ మగ్గాలు తీసేసి అవి నిలిచిన బండల మీదే సర్వర్లు నిలబెట్టాం, నేనూ, కోరుట్లలో ఉండే మా బావమరిదీ. దుకాణాల బిల్లులు, రైసు మిల్లుల తూకాలు, వేములవాడ లాడ్జీల గదుల వివరాలు, అన్నీ మా యంత్రాల మీదే నడిచేవి. మా పని నడిచినన్నాళ్లు ఎవరికీ కనపడదు, ఆగిన రోజే కనపడుతుంది. అయినా నెలకింత అని ముందే మాట్లాడుకున్న చిన్న వాడుకదార్లతో, ఖర్చులు పోను కొద్దో గొప్పో మిగిలేది. ఇంట్లో కూలరు లేకపోయినా సర్వర్ల గదిలో ఏసీ ఆగనిచ్చేవాణ్ణి కాను. ఎండాకాలం మధ్యాహ్నాలు అమ్మ కూడా చాప తెచ్చుకుని అక్కడే కునుకు తీసేది.

అప్పుడు హైదరాబాదు నుంచి ఒక పెద్ద కంపెనీ వాళ్లు వచ్చారు. పనంతా మాకే ఇస్తారట. యంత్రాలు, కరెంటు, జనరేటరు మావి, చేసిన పనికి ఇంత అని కట్టేది వాళ్లు. ముందు పెరగండి, రేటు సంగతి ఆ తర్వాత చూద్దామన్నారు. ఆ కూలి కరెంటుకే చాలదని నేను లెక్క వేసి చూపిస్తే బావమరిది నవ్వాడు.

"బావా, పెద్ద సేటు ఇంటికొచ్చి పనిస్తనంటే రేటు అడుగుతరా ఎవలన్న? గీ మగ్గం లెక్కలు ఇంక ఇడిచిపెట్టు."

"గిది గూడ మగ్గం లెక్కనేరా. కరెంటు మనది, రేటు ఆళ్లది."

"రేపు ఆళ్లే పెంచుతరు తియ్యి!"

మా దగ్గర పని ఒప్పుకునే ముందు సేటును రేటు అడగడమంటే పని వద్దనడమే. ఆ భయం నెత్తుట్లో ఉంటుంది. షెడ్డు బ్యాంకులో కుదువపెట్టి కొత్త యంత్రాలు తెచ్చాం. కంపెనీ పని పెరిగింది, దానితోపాటే మా నష్టమూ పెరిగింది, ఆ బరువు కింద చిన్నవాళ్ల పని నత్తనడక పట్టింది. రంజాన్ ముందు, కోరుట్లలో బట్టల దుకాణం నడిపే భాయ్, మా మొట్టమొదటి వాడుకదారు, ఫోను చేశాడు.

"అరే భాయ్, నీ మిషన్ పండుకుంటే నా గిరాకి పండుకుంటదా? దుకాణం నిండ జనమున్నరు, ఒక్క బిల్లు ఎల్తలేదు! నేను నిన్ను జూసి వచ్చిన, నీ మిషన్ను జూసి గాదు."

పండుగ కాగానే ఆయన పోయాడు, ఆయన వెనకే మిగతా వాళ్లూ పోయారు. ఇక గతిలేక కంపెనీని రేటు పెంచమని అడిగాం. వాళ్లు పని మొత్తం వేరేచోటికి మార్చుకుని రెండు ముక్కల మెయిలు పంపారు, అడుగున "ఈ చిరునామాకు జవాబు పంపవద్దు" అని ఉంది. షెడ్డు బ్యాంకు పాలైంది. "ఆళ్లు మంచోళ్లే బావా, మనకే టైం బాగలేదు" అంటాడు బావమరిది ఈనాటికీ. ఆ మాట వింటే ఇంకా మండుతుంది.

నాయన కాలంలోనూ కూలి కోసేవాళ్లే. కోసిన రోజు నాయన సైకిలేసుకుని పోయి, సేటు గద్దె ముందు నిలబడి, బజారంతా వినేలా కడిగిపారేసేవాడు. సేటు తల దించుకుని చాయ్ తెప్పించేవాడు. కూలి పెరిగినా పెరగకపోయినా నాయన ఇంటికొచ్చి కడుపునిండా తినేవాడు. నేను పోయి నిలబడడానికి గద్దె ఏది? మా దగ్గరికి వచ్చిన కంపెనీ పిల్లలు ఎప్పుడో వేరే కొలువులకు మారిపోయారు. షెడ్డు ఇప్పుడు ఎవరిదో గోదాము, బస్సులోంచి కనపడుతుంది. ఇన్నేళ్లకు "ముందు పెరగండి" అనే నోరు, ఒక మనిషి మొహంతో సహా, జగిత్యాలలో నా ఎదురుగా నిలబడింది. నేనేమో చాయ్ వదిలేసి, ఒక్క మాట అనకుండా వచ్చేశాను.