బి పక్కన ఎ ఎందుకు కూర్చోదు?

ఎవరేం చెబుతున్నా మధ్యలో అడ్డు తగలకుండా వినడం ఆ మేనత్త వల్ల కాదు. డాక్టరు నాలుక చాపమంటే, చాపిన నాలుకను మళ్లీ లోపలికి లాక్కుని "ఎంతవరకు చాపాలి?" అని అడిగిన మనిషి. రేడియోలో వార్తలు చదివే ఆవిడను కూడా వదిలేది కాదు. "ఆగాగు! వంతెన కూలింది సరే, ఆ టైములో దానిమీద ఎవరైనా ఉన్నారా?" అని నిలదీసేది. ఆవిడ ఆగకుండా వాతావరణ విశేషాల్లోకి వెళ్లిపోతే "చూశావా పొగరు!" అని మూతి విరిచేది.

అలాంటి అత్త పక్కన కూర్చుని మేనకోడలు లా కాలేజీ ప్రవేశ పరీక్షకు ఆన్‌లైన్‌లో చదవాల్సి వచ్చింది.

మేనకోడలు ఏడేళ్లుగా ఒక వకీలుగారి ఆఫీసులో టైపిస్టు. పిటిషన్లు కొట్టీ కొట్టీ, ఆయన తప్పులు ఆయనకంటే ముందే పట్టుకునే స్థాయికి వచ్చింది. "ఇంత తెలివి పెట్టుకుని ఇక్కడే కూర్చుంటావేంటమ్మా, లా చదువు" అన్నది కూడా ఆయనే. నిరుడు పరీక్ష రాసింది. హాల్లో పక్కనాయన కుర్చీ కిర్రుమంది. అంతే, బుర్ర ఖాళీ. తెరమీద గడియారం ఒక్కో నిమిషమే తగ్గిపోతుంటే మౌసు మీది చెయ్యి కొయ్యబారిపోయింది. ఇంటికొచ్చి అత్తకు ఆ ముక్క చెప్పి, మూడు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. ఈసారీ పోతే ఇక లా మాటెత్తనని తనకు తానే ఒట్టు పెట్టుకుంది.

చిక్కేమిటంటే, నెట్ సరిగ్గా అందేది ముందుగదిలోనే. ఆ ముందుగది అత్త కుట్టు దుకాణం. ఆఫీసు నుంచి వచ్చి, స్కూలు యూనిఫారాల గుట్ట పక్కకు జరిపి, కత్తిరింపు బల్ల మీద లాప్‌టాప్ తెరిచేది మేనకోడలు. తెరమీద మాస్టారు ప్రత్యక్షమయ్యేవారు.

"ఆరుగురు ఒక బల్ల చుట్టూ కూర్చున్నారు. బి పక్కన ఎ కూర్చోదు..."

కుట్టుమిషను ఆగింది. "ఎందుకు కూర్చోదు?"

"అది లెక్క అత్తా! అలా ఇచ్చారంతే."

"ఊరికే ఎవరూ అలా ఇవ్వరు. ఆ బి ఏదో అనుంటాడు."

"ఏమీ అనలేదు!"

"సరే, మరి ఎ ఎక్కడ కూర్చుందో చెప్పు. నా మనసు కుదుటపడుతుంది."

మేనకోడలు పళ్లు నూరుకుంటూ, సుద్దముక్కతో బల్ల మీద గుండ్రం గీసి, ఆరుగురినీ కూర్చోబెట్టి చూపించింది. అత్త తృప్తిగా తల ఊపి, "సి పాపం మంచిది, మధ్యలో కూర్చుని సర్దుబాటు చేస్తోంది" అంది.

మర్నాడు చట్టం పాఠం. ఒకాయన పక్కింటి గోడ దూకి జామకాయలు కోశాడు.

"పండినవా, పచ్చివా?" అంది అత్త.

"అది మనకి అనవసరం."

"ఎందుకనవసరమో చెప్పు."

"అడక్కుండా గోడ దూకినప్పుడే తప్పయిపోయింది. కాయ పండితే ఏంటి, పండకపోతే ఏంటి?"

"ఓహో! అయితే అటు పడ్డ తన బంతి తెచ్చుకోడానికి దూకితే?"

మేనకోడలు ఆలోచనలో పడింది. ఆ ఒక్క బంతి మీద ఇద్దరికీ గంటసేపు వాదన.

రైళ్ల లెక్కలొచ్చినప్పుడైతే మరీ ఘోరం. "రెండు రైళ్లు ఎదురెదురుగానా? ఒకే పట్టా మీదా? స్టేషన్ మాస్టరు ఏం చేస్తున్నాడు?" అని గుండె పట్టుకుంది. రెండు పట్టాలున్నాయని బొమ్మ గీసి చూపిస్తేగానీ కుదుటపడలేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఒకటి పీకి తన చెవిలో పెట్టుకునేది.

నమూనా పరీక్ష రాస్తుంటే మెడలో టేపుతో వచ్చి నిలబడేది. "చెయ్యెత్తు."

"టెస్టు రాస్తున్నానత్తా!"

"రాసుకో. కుడిచెయ్యి నీకు, ఎడమచెయ్యి నాకు. నీ అంత ఎత్తున్న పిల్లకి చొక్కా కుట్టాలి."

ఓసారి పరీక్ష సగంలో ఉండగా బొత్తాల డబ్బా బోర్లా పడింది. ఇనప కుర్చీల కిందా, తలుపు వెనకా టపటపా చెల్లాచెదురయ్యాయి.

"నన్ను పాసవ్వనివ్వవా?" అని మేనకోడలు అరిచేసింది.

అత్త వంగి బొత్తాలు ఏరుకుంటూ, "ఎన్నో ప్రశ్నలో ఉన్నావు?" అంది.

"అరవై రెండు!"

"అయితే అరవై మూడు చూడు. నాతో ఏంటి పేచీ?"

మేనకోడలు ఆ కోపంలోనే చివరిదాకా లాగించేసింది. ఇంకా ఎనిమిది నిమిషాలు మిగిలాయి. కోపంలో ఆ సంగతి గమనించనే లేదు.

పరీక్షరోజు హాల్లో జాతర. ఒకమ్మాయి మౌసు పనిచెయ్యడం లేదని గొడవ. పర్యవేక్షకుడి ఫోను మోగుతూనే ఉంది. పక్కనున్న కుర్రాడు కాలు ఊపే ఊపుకు బల్ల వణుకుతోంది. మేనకోడలు ఒకసారి తలెత్తి చూసి, మా ముందుగదిలో ఇది ప్రశాంతమైన రోజు కింద లెక్క అనుకుని, తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

నెల తిరిగేసరికి, ఉద్యోగం మానకుండా చదువుకునే సాయంత్రపు లా కాలేజీలో సీటొచ్చింది. వకీలుగారు ఆఫీసంతా వినబడేలా చప్పట్లు కొట్టారు. ఆ కబురు తెలిసిన రోజు మధ్యాహ్నమే ఆన్‌లైన్ మాస్టారు ఫోన్ చేశారు.

"అభినందనలమ్మా. మీ మేనత్తగారికి కూడా చెప్పండి."

"ఆవిడ మీకెలా తెలుసండీ?"

"భలేవారే! మీరు చేరిన మొదటి వారమే సందేహాల నంబరుకు ఫోన్ చేశారు. చిన్న చప్పుడుకే మా పిల్ల బిగుసుకుపోతోంది, ఏం చెయ్యాలన్నారు. చప్పుళ్ల మధ్యే రాయించండి, చదివింది ఎవరికైనా విడమరిచి చెప్పించండి అన్నాను. 'అడ్డుపడటం నాకొదిలెయ్యండి' అన్నారు. మీరు ఆఫీసుకెళ్లాక రికార్డు చేసిన పాఠాలన్నీ వినేవారు. ఏ ప్రశ్న వేస్తే మీరు బాగా ఆలోచిస్తారో రోజూ నన్నడిగేవారు. ఆ బంతి ప్రశ్న మాత్రం పూర్తిగా ఆవిడదే!"

మేనకోడలు పర్మిషన్ పెట్టి ఇంటికి పరిగెత్తుకొచ్చింది. అత్త కిటికీ కర్టెన్లకు అంచు కుడుతోంది.

"మాస్టారు అంతా చెప్పేశారు. ఇన్ని నెలలూ నటించావా అత్తా?"

దొరికిపోయిన అత్త దారం తెంపి, కాసేపు కర్టెన్ వెనక మొహం దాచుకుంది.

"మొదటి వారం నటించానే. ఆ తర్వాత నిజంగానే ఆసక్తి పుట్టుకొచ్చింది. ఇంతకీ, ఆ ఎ, బిల మధ్య ఏదో ఉందే. మీ మాస్టారు కూడా దాస్తున్నాడు" అంటూ మళ్లీ మిషను తిప్పడం మొదలుపెట్టింది.

మేనకోడలు పకపకా నవ్వింది. నవ్వుతూనే అత్త మెడ చుట్టూ చేతులు వేసింది. "అత్తా, నువ్వు నాకోసం చేసింది..." అని మొదలుపెట్టిందో లేదో, అత్త అడ్డు తగిలింది.

"పొగడ్త పెద్దదా, చిన్నదా? పెద్దదైతే మిషను ఆపుతాను."

"పెద్దదే."

అత్త మిషను ఆపింది. కళ్లజోడు తీసి పక్కన పెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. మేనకోడలు చెప్పిందంతా చివరిదాకా, ఒక్క మాట కూడా మధ్యలో అనకుండా వింది.