అగ్గిపెట్టె అడిగితే

నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్తుంటే చిల్లకల్లు దగ్గర బస్సు టైరు పంక్చరైంది. దిగి సిగరెట్ తీసి, నా పక్క సీటు పెద్దాయనను అగ్గిపెట్టె అడిగాను.

"మానేసానండి. పదండి, అలా నడుద్దాం" అంటూ చనువుగా నా మోచెయ్యి పట్టుకున్నాడు. కాదనలేకపోయాను. నడుస్తూ తనే చెప్పాడు.

"నాకు చెవిలో ఎవరెవరో మాట్లాడే జబ్బండి. మెంటల్ ఆస్పత్రిలో చానాళ్లున్నా. అక్కడ మాత్ర మింగితే బీడీ ఇచ్చేవాళ్లు. బీడీ కోసమే మింగేవాణ్ణి. తర్వాత కొత్త నర్సమ్మొచ్చి అది మాన్పించింది. బీడీ కోసం నేనెంత గోల చేసినా, 'పదండి, అలా నడుద్దాం' అని నాతోపాటు వరండాలో నడిచేది. అక్కడ నన్ను అండీ అన్నది ఆవిడొక్కతేనండి."

"ఇప్పుడూ ఆ గొంతులు వినపడతాయా?"

"మందులేసుకుంటున్నాగా, తగ్గాయండి. బీడీ తాగమనే గొంతు మాత్రం అప్పుడప్పుడూ వస్తది. దాని వెనకే నర్సమ్మ గొంతూ వస్తది" అని నవ్వాడు.

బస్సు హారన్ కొట్టింది. వెలిగించని సిగరెట్ ఇంకా నా వేళ్ల మధ్యే ఉంది.

జగ్గయ్యపేటలో ఆయన జనంలో కలిసిపోయాడు. పేరైనా అడగలేదు. ఇప్పటికీ సిగరెట్ తీయబోతే, పదండి అని నాకూ ఓ గొంతు వినిపిస్తుంది. లేచి చెప్పులేసుకుంటాను.