మేస్త్రి చెయ్యి

మా మామ పోయి పందొమ్మిది రోజులైంది. ఆ రోజు పొద్దున నేను చాయ్ తీసుకుపోతే, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే ఉన్నారు. కళ్లు తెరిచే ఉన్నాయి. అత్త మూడుసార్లు మూసింది. మూడుసార్లూ తెరుచుకున్నాయి.

మందమర్రిలో బొగ్గుబావి వర్క్‌షాపులో ఆయన వెల్డరు. రిటైరయ్యాక ఇంటి వాకిట్లోనే రైతుల పనిముట్లు అతికేవారు. మా ఇంట్లో కోడలు మామ ముఖం వంక చూడదు, ఎదురుగా మాట్లాడదు. పెళ్లయి మూడేళ్లయినా నాకు ఆయన పాదాలే బాగా తెలుసు.

పాత వెల్డింగ్ మిషను మోయలేకపోతున్నానని మామ అంటే, మస్కట్‌లో ఉన్న నా భర్త ఆన్‌లైన్‌లో చిన్నది తెప్పించాడు. తక్కువ ధరది, కొత్తగా నేర్చుకునేవాళ్లకు పనికొచ్చేది. దాన్ని తడిమి చూసి మామ అత్తతో అన్నారు: "కోడల్ని వట్టుమను. నేను చెప్త."

"కూర సక్కగ వండరాదు గని ఇనుము అతుకుతదట" అని అత్త నవ్వింది.

మొదట్లో రాడ్డు ఇనుముకు అంటుకుపోయేది. "గుంజకు, పక్కకు వంచు" అనేవారు మామ, పక్క కుర్చీలోంచి. "నూనెల సకినాలు గోలుతున్నట్టు ఇనవడాలె. టపటపమంటే రాడ్డు దూరమైనట్టు." పైనున్న నల్లటి పెంకు రాల్చగానే అతుకు మీద బొటనవేలు నడిపేవారు. వేడిగా ఉన్నా తీసేవారు కాదు. "గీడ ఊపిరి వట్టినవ్" అనేవారు. నిజంగా అక్కడే పట్టేదాన్ని. నా చదువు నాలుగో తరగతితో ఆగింది. తప్పు చేస్తే కసురుకోని గురువు నాకు ఆయనొక్కరే.

నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, అతుకుతూనే పక్కకు చూశాను. వెల్డింగ్ ముసుగు నల్లద్దంలోని చీకట్లో ఆయన ముఖం ఒక్కటే తేలుతోంది. అంత మెరుపునూ కళ్లు పెద్దవి చేసుకుని చూస్తున్నారు. రెప్ప వేయడం లేదు.

"మామా, కండ్లు పోతయ్" అన్నాను. ఆయనతో నేనన్న మొదటి మాట అది.

"పోయినయ్ బిడ్డా. రెండేండ్ల సంది చెవితోనే అతికిన. ఇప్పుడు చెయ్యి గూడ వణుకుతున్నది. ఎవలకు చెప్పకు. తెలిస్తే ఒక్కడు ఇనుము తేడు."

తల వంచుకు తిరిగిన నాకు అన్నాళ్లూ అది తెలియలేదు. ఆనాటి నుంచి ఆయన ఖాకీ చొక్కా తొడుక్కుని, ముసుగు పెట్టుకుని నేనే పని చేశాను. మామ తలుపు చాటున కూర్చుని వినేవారు. గేటు బయటివాళ్లు నన్ను చూసి ఆయనే అనుకునేవారు.

పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచరు. ఆ చొక్కా మాత్రం నేను దాచాను. పదకొండో రోజు గడిచాక, అదే తొడుక్కుని, ఆయన ఒప్పుకున్న చివరి పని ముందేసుకున్నాను. ఒక రైతు ఇచ్చిన ట్రాక్టరు కల్టివేటర్ పన్ను అది. నిజం చెబితే మామకిచ్చిన మాట పోతుంది. చెప్పకపోతే నా చేతికొచ్చిన పని పోతుంది.

అతుకు పూర్తయ్యేసరికి ఆ రైతు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మామ పాడె మోసినవాళ్లలో ఆయనొకడు.

"మేస్త్రీ" అన్నాడు, మెల్లగా.

ముసుగు ఎత్తాను. "నేనే అన్నా. ఏడాది సంది నేనే అతుకుతున్న."

ఆయన నన్ను చూడలేదు. అతుకునే చూశాడు. "గిది మేస్త్రి చెయ్యి బిడ్డా. నాకెర్క. మేస్త్రి యాడికి పోలే." చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. పన్నును తువ్వాలలో చుట్టుకుని, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున వాకిలి ఊడ్వడానికి గేటు తీశాను. విరిగిన పార, నాగలి కర్రు, ఒక తలుపు బందు వరుసగా పెట్టి ఉన్నాయి. ఎవరూ పిలవలేదు, ఎవరివో తెలియదు. మూడింటి మీదా పసుపు రాసి ఉంది. తడి ఇంకా ఆరలేదు.