బకెట్లో కరిగిన పలక

మేం ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో ఉన్నప్పుడు, 2018లో, మా అమ్మాయికి స్కూల్లో సుమేరియన్ల పాఠం వచ్చింది. దానికప్పుడు ఎనిమిదేళ్లు. మట్టిపలక మీద ఏదైనా రాసి తెమ్మన్నారు. నాకు చరిత్ర పిచ్చి. ఇంకేముంది, గంటసేపు దంచాను. సుమేరియన్లు ఇప్పటి ఇరాక్‌లో ఊళ్లు కట్టారు, పుల్లతో మట్టిలో పొడిచి మేకుల్లాంటి గీతలతో రాత కనిపెట్టారు. వాళ్లని బాబిలోను మింగింది. అందర్నీ అస్సీరియా తొక్కేసింది. చివరికి దాని రాజధాని నినెవే కూడా తగలబడింది.

"సో వేర్ డిడ్ ద సుమేరియన్స్ గో, డాడ్?"

"ఎక్కడికీ పోలేదమ్మా. వాళ్ల పిల్లలు వేరే భాష మాట్లాడ్డం మొదలెట్టారు, అంతే."

అనేశాక ఆ మాట నాకే తగిలింది. మా పిల్లకి తెలుగు అర్థమవుతుంది గానీ నోట రాదు. శనివారం తెలుగు క్లాసు నాలుగు వారాలకే మానేసింది. నా మొహం చూసి జాలిపడిందేమో, "ఐ విల్ రైట్ ఇట్ ఇన్ తెలుగు" అంది. వాళ్లమ్మ కాగితం మీద రాసిచ్చిన "మేము ముగ్గురం" చూస్తూ ఐస్‌ఫ్రూట్ పుల్లతో దిద్దింది. మన అక్షరాలు గుండ్రం, పొడిస్తే రావు. నాలుక బయటపెట్టి సాయంత్రమంతా గీకింది. అది తన చేత్తో రాసిన తెలుగు ఆ రెండు మాటలే. నేను పొంగిపోయాను.

మిగిలిన మట్టితో వినాయకుణ్ణి చేశాం. మర్నాడు చవితి. పిల్లల పుస్తకాలు దేవుడి ముందు పెట్టడం మామూలే కదా, ఆ పలకని కూడా దేవుడి పళ్లెంలో పెట్టాను. మూడో రోజు గార్డెన్లో బకెట్ నింపి, దేవుణ్ణీ పత్రినీ కలిపి పళ్లెం ఒక్కసారే వంచేశాను.

సోమవారం స్కూలుకి బయల్దేరుతూ పలక ఏదని అడిగింది. పత్రి కిందే ఉండిపోయిందని అప్పుడు వెలిగింది. బకెట్లో చెయ్యి పెడితే బురద.

"చూసి వంచొచ్చుగా!" అంది మా ఆవిడ.

నినెవే మంటల్లో మట్టిపలకలు ఇటుకల్లా కాలి, ఇన్ని వేల ఏళ్లు నిలిచాయి. శత్రువులు నిప్పుపెడితే మిగిలాయి. నేను దండం పెట్టి మరీ ముంచాను.

"ఇంకోటి చేద్దాం బంగారం. నేను కూడా కూర్చుంటా."

అది ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"ఇట్స్ ఫైన్, డాడ్. ఐ విల్ డూ ద సుమేరియన్ లెటర్స్ ఎట్ స్కూల్. దే ఆర్ ఈజియర్ దాన్ తెలుగు."

బ్యాగ్ తగిలించుకుని కారెక్కింది. తెలుగులోనే ఇంకోటి చేద్దామని నేను మళ్లీ అనలేదు.